స్పానిష్ సీరియల్‌ల "కున్యాదో", "ఎంచుఫాదో", "ఓహీతో దెరేచో": మన మాటల్ల ఏం పెట్టాలె?

మూసీ_ఒడ్డు (నల్లగొండ)

అందరికి నమస్తే. స్పెయిన్ కుటుంబ సీరియల్ ఒకటి తెలుగు సబ్‌టైటిళ్లకు వచ్చింది. ఇంట్ల మాట్లాడే మాటలన్నీ తెలంగాణ యాసల ఉండాలె, ఆఫీసు సీన్లు మామూలు వాడుక భాషల ఉండాలె అని ముందే చెప్పిండ్రు. లైనుకు 42 క్యారెక్టర్లు, రెండు లైన్లకు మించొద్దు.

కథ చిన్నదే. తండ్రికి తలుపులు, కిటికీలు చేసే కంపెనీ ఉన్నది. పెద్దకొడుకు పని చేయడు గాని తల్లికి వాడంటే ప్రాణం. చిన్నబిడ్డ పనంతా నేర్చుకున్నది గాని మేనేజరు కుర్చీ పెద్దబిడ్డ మొగనికి పోయింది. ఆయన ప్రతి ముచ్చట్ల వేలు పెట్టే మనిషి. అందుకే డైలాగులన్నీ రెండు దిక్కులకే పోతయ్: "నీకే అన్నీ తెలుసా?" అనే కోపం, "మీరు వాళ్లనే చూసుకుంటరు" అనే బాధ.

ఆగిపోయిన మాటలు ఇవి: లిస్తీయో, సబెలోతోదో, సబియోందో (మూడూ ఒకటేనా?), కున్యాదో, ఎంచుఫాదో, "ఆ దేదో", "ఎల్ ఓహీతో దెరేచో దె మమా", ఇంకొకటి "తూ నో తియేనెస్ అబువేలా?". చివరిదాన్ని మాటకు మాట పెడితే "నీకు నాయినమ్మ లేదా?" అని వస్తున్నది. ఆ సీన్ల నాయినమ్మ పక్క కుర్చీలనే కూసొని ఉన్నది.

డిక్షనరీ అర్థాలు నా దగ్గర ఉన్నయ్. ఏ మాట ఎంత గుచ్చుతది, మన దిక్కు దానికి సరితూగే మాట ఏది అన్నదే కావాలె.

---

పాలమూరు_పలుకు (మహబూబ్‌నగర్)

మొదటి మూడు ఒకటి కావు. వరుసగ చెప్తా.

మూలం "లిస్తో". తెలివిగల్లోడు అని అర్థం. దానికి "ఇయో" తగిలిస్తే లిస్తీయో. స్పానిష్‌ల ఈ తోక చిన్నదనాన్ని చెప్తది, ఒక్కోసారి ముద్దుకు, ఒక్కోసారి చులకనకు. ఇక్కడ చులకనే. తెలివి ఉన్నది గాని దాన్ని ఎదుటోన్ని బోల్తా కొట్టించేతందుకు వాడుతడు, వరుసల నిలబడకుండ ముందుకు దూరుతడు, మాటల్ల తప్పు పట్టి నవ్వుతడు, అట్లాంటోడు లిస్తీయో. మన దగ్గర "అతితెలివి" సరిగ్గ కూసుంటది. "నీ అతితెలివి నా దగ్గర చూపియ్యకు."

సబెలోతోదోల మూడు ముక్కలున్నయ్: సాబె (తెలుసు), లో (దాన్ని), తోదో (అంతా). ఇందుల మోసం లేదు. అడగకున్నా చెప్పుడే రోగం. "అన్నీ తెలిసినోడు", యాసల ఐతే "అన్నీ నీకే ఎరుకనా?". ఆడమనిషిని అన్నా మొగమనిషిని అన్నా స్పానిష్‌ల మాట మారదు, ముందున్న ఎల్, లా మాత్రమే మారుతది. తెలుగుల మాత్రం తెలిసినోడా, తెలిసినదా అని తేల్చాలె. గొంతు తెర అవతలి నుంచి వచ్చే సీన్ల ఇది తప్పిపోతది, ఎవరిని అంటున్నరో స్క్రిప్టుల చూసుకోండి.

సబియోందో ఇంకో మెట్టు. సాబియో అంటే పండితుడు. స్పెల్లింగు రెండు తీర్లు, మధ్యల హెచ్ ఉన్నది, లేనిది. రెండూ ఒప్పే, ఎందుకంటే స్పానిష్‌ల హెచ్ పలకదు. హెచ్ పెడితే "ఓందో", అంటే లోతు, అనే మాట లోపల కనవడ్తది. లోతైన పండితుని లెక్క గొంతు సవరించుకోని మాట్లాడేటోడు. ఇక్కడ "పాఠాలు చెప్పకు" అని క్రియల పెట్టుండ్రి, నామవాచకం కోసం ఎతకొద్దు. ఆడోళ్లను మాత్రమే అనేటందుకు "మారిసబిదీయా" అని పాత మాట ఉన్నది, మరియా అనే పేరుకు తెలిసినదనే మాట అతికించింది. ముసలి పాత్రల నోట్లనే వస్తది.

ఒక ప్రమాదం. లిస్తోకు ముందు "సేర్" క్రియ ఉంటే తెలివి, "ఎస్తార్" ఉంటే తయారు. "ఎరెస్ లిస్తో" అంటే నువ్వు తెలివిగల్లోడివి. "ఎస్తాస్ లిస్తో?" అంటే తయారైనవా? కాని కోపంల "ఎస్తాస్ లిస్తో సి క్రేయెస్ కె..." అని మొదలైతే అర్థం ఇంకో దిక్కు తిరుగుతది: "అట్లనుకుంటే నీ పని అయిపోయినట్టే." మెషీన్ అనువాదం దీన్ని "నమ్మితే నువ్వు సిద్ధంగా ఉన్నావు" అని రాస్తది. ఫైలుల "లిస్తో" అని ఎతికి ప్రతి లైను చూడుండ్రి.

గర్వం గురించిన మాటలు కూడ ఈ సీరియల్‌ల వస్తయ్. "సె లె ఆన్ సుబీదో లోస్ ఊమోస్ అ లా కబేసా" అంటే పొగలు తలకెక్కినయ్ అని. మనకు పొగ అక్కర లేదు, "కండ్లు నెత్తికెక్కినయ్" అని తయారుగ ఉన్నది. "క్రెయీదో" అంటే తనను తాను గొప్పోన్ని అనుకునేటోడు, దానికి "గీర" చాలు, "మస్తు గీర పడుతున్నడు". లేనిది ఉన్నట్టు చూపించుకునే సీనైతే "ఎచ్చులు" పెట్టుండ్రి. "బలుపు" మాత్రం తల్లి నోట్ల పెట్టకుండ్రి, అది కొట్లాట మాట.

"చూలో" అనే మాట దగ్గర దేశం చూసుకోవాలె. స్పెయిన్‌ల మనిషిని చూలో అంటే రొమ్ము విరుచుకోని తిరిగేటోడు, మంచి మాట కాదు. అదే స్పెయిన్‌ల "కె చూలో!" అని వస్తువును చూసి అంటే "మస్తున్నది!" అని. మెక్సికోల చూలా అంటే అందమైన పిల్ల.

---

కృష్ణ_గట్టు (గద్వాల)

కున్యాదో మీద కొంచెం ఎక్కువ చెప్పాలె, మీ కథంతా దాని మీదనే నిలబడ్డది.

ముందు వరస. స్పానిష్‌ల కున్యాదో ఒక్క మాటే. మనకు: పెండ్లాం తమ్ముడు బామ్మర్ది, పెండ్లాం అన్న బావ, అక్క మొగడు బావ, చెల్లె మొగడు వయసును బట్టి బావనో బామ్మర్దో, మొగని అన్న బావ, మొగని తమ్ముడు మరిది. పెండ్లాం అక్కచెల్లెండ్ల మొగడు షడ్డకుడు లేదా తోడల్లుడు. ఆ చివరిదానికి స్పానిష్‌ల "కొన్‌కున్యాదో" అని వేరే మాట ఉన్నది గాని ఇంట్ల పిలిచేటప్పుడు కున్యాదో అనే అంటరు.

అందుకే మొదటి ఎపిసోడ్ మొదలుపెట్టక ముందే ఒక వంశవృక్షం గీయాలె. పేరు, ఎవరి తోబుట్టువు, పెద్దనా చిన్ననా, ఎవరిని "తూ" (నువ్వు) అంటరు, ఎవరిని "ఉస్తెద్" (మీరు) అంటరు. స్పానిష్‌ల ఎర్మానో అంటే అన్ననో తమ్ముడో తెల్వదు. నాలుగో ఎపిసోడ్ల "మయోర్" (పెద్ద) అని ఒక్క మాట దొర్లేదాక తేలదు. అప్పటికి మూడు ఎపిసోడ్లు "తమ్మీ" అని పోయి ఉంటయ్.

ఇంటిపేర్లు సాయం చేస్తయ్. స్పెయినోళ్లకు రెండు ఇంటిపేర్లు, తండ్రి మొదటిది ఒకటి, తల్లి మొదటిది ఒకటి. పెండ్లైనా ఆడమనిషి ఇంటిపేరు మారదు. ఇద్దరికి రెండు ఇంటిపేర్లూ అదే వరుసల కలిస్తే ఒక తల్లి తండ్రి పిల్లలు. ఒక్కటే కలిస్తే సగం తోబుట్టువులో, పెదనాన్న చిన్నాన్న పిల్లలో, మేనరికం వరసో. తండ్రి పేరే ముందుండాలని ఇప్పుడు లేదు. 1999 చట్టంతోని తల్లిదండ్రులు ఒప్పుకుంటే వరుస మార్చుకోవచ్చు, 2017 జూన్ నుంచి తండ్రి పేరుకు మొగ్గు కూడ పోయింది. కాబట్టి ఈ మధ్య పుట్టిన పాత్రలకు మొదటి పేరు తల్లిది కావచ్చు. అత్తగారింటోళ్లు, అల్లుండ్లు మాత్రం పేర్లతోనే విడివడ్తరు.

ఇప్పుడు అర్థం. స్పెయిన్‌ల ఈ కాలంల కున్యాదో అంటే చుట్టం ఒక్కటే కాదు, ఒక రకం మనిషి. క్రిస్మస్ ముందురోజు రాత్రి భోజనాల బల్ల దగ్గర కూసోని కారు గురించి, బ్యాంకు గురించి, పంది తొడ మాంసం ఎట్ల కోయాలనే దాని గురించి తీర్పులు చెప్పేటోడు. "ఎంతకు కొన్నవ్? నిన్ను ముంచిండ్రు. నాకు చెప్తే సగానికే ఇప్పిస్తుంటి" అనేది అతని మాట. వాళ్ల యాసల "ద" జారిపోయి "కున్యావో" అని వస్తది, అట్ల రాసి ఉంటే ఎక్కువసార్లు ఎగతాళే. ఆ గుణానికి పేరు కున్యాదీస్మో.

అదే కున్యాదీస్మోకు రెండో అర్థం ఉన్నది: బామ్మర్దులకు పదవులు ఇచ్చుకునుడు. స్పెయిన్ నియంత ఫ్రాంకో కాలంల రమోన్ సెర్రానో సూన్యేర్‌ను జనం "కున్యాదీసిమో" అన్నరు. ఫ్రాంకో బిరుదు హెనెరలీసిమో, ఆ తోకనే కున్యాదోకు తగిలించిండ్రు. ఆయన 1938ల ఇంటి వ్యవహారాల మంత్రి, 1940 నుంచి 1942 దాక విదేశాంగ మంత్రి. వరస లెక్కల చూస్తే ఆయన బామ్మర్ది కాడు, ఫ్రాంకో భార్య కార్మెన్ పోలో చెల్లెలు సీతా మొగడు. అంటే మన మాటల షడ్డకుడు.

మన "బామ్మర్ది"ల రెండో అర్థం బాగనే ఉన్నది. "సర్పంచు బామ్మర్ది" అంటే ఊర్ల ఎవరికీ విడమరిచి చెప్పనక్కర లేదు. కాని మొదటి అర్థం, అన్నీ తెలిసినోడు అన్నది, బామ్మర్దిల లేదు. పైగా "బామ్మర్ది బతకగోరుతడు, దాయాది చావగోరుతడు" అనే సామెత ఆయనను మేలు కోరే మనిషిని చేసింది. కాబట్టి:

పదవి గొడవైతే బామ్మర్ది ఒక్క మాట చాలు. "డైరెక్టరు బామ్మర్దిని తెచ్చి కూసవెట్టిండు."

తెలివి గొడవైతే వరసకు ముందు గుణం తగిలించాలె. "యా ఎస్తా ఎల్ కున్యాదో కోన్ సుస్ కోన్సేహోస్" అని చిన్నబిడ్డ అంటే, ఆమెకు ఆయన అక్క మొగడు, కాబట్టి "మొదలైంది, అన్నీ తెలిసిన బావ సలహా!" ఆమె నోట్ల బామ్మర్ది అని పెడితే వరసే తప్పు.

చుట్టరికమే లేని మనిషిని "నో సేయాస్ కున్యావో" అన్నప్పుడు వరస తీసేయాలె. "నీ సలహాలు ఆపు" అంతే. అక్కడ బామ్మర్ది పెడితే మన దగ్గర తిట్టు ఐతది, లేకుంటే దోస్తును పిలిచినట్టైతది. రెండూ తప్పే.

---

మూసీ_ఒడ్డు

చాల మేలైంది అన్నా. ఒకటి అడగాలె. ఏడో ఎపిసోడ్ల చిన్నబిడ్డ తండ్రితోని అంటది: "అస్ ఎంచుఫాదో అల్ కున్యాదో ఇ ఎన్‌సీమా నోస్ దా లెక్సియోనెస్." కున్యాదో ఇక్కడ పదవి కున్యాదోనా, తెలివి కున్యాదోనా? రెండూ ఉన్నట్టున్నయ్.

---

కృష్ణ_గట్టు

రెండూ ఉన్నయ్. తండ్రికి ఆయన అల్లుడు, బిడ్డకు బావ. తండ్రితోని మాట్లాడుతున్నది కాబట్టి "అల్లుడు" అంటే ఫిర్యాదు సూటిగ తగుల్తది. "అల్లున్ని తెచ్చి కుర్చీల కూసవెట్టినవ్, / ఇప్పుడు మాకే పాఠాలు చెప్తున్నడు." మొదటి లైన్ల పదవి, రెండో లైన్ల తెలివి. అన్నీ ఒక్క మాటల ఇరికించకు.

---

దేవరకొండ_దారి

కండ్ల మాటలు, నాయినమ్మ మాట నేను చెప్తా.

"ఓహీతో దెరేచో" అంటే చిన్న కుడికన్ను. పిల్లలల్ల, శిష్యులల్ల, ఉద్యోగులల్ల ఒక్కరి మీద ఎక్కువ ప్రేమ ఉంటే ఆ ఒక్కరు ఓహీతో దెరేచో. రెండు గోతులున్నయ్. ఒకటి, "కుడిభుజం" అని రాసుడు. కుడిభుజం పని చేసి పెట్టేటోడు, ఓహీతో దెరేచో ఏ పని చేయకున్నా ముద్దొచ్చేటోడు. మీ పెద్దకొడుకు పని చేయడు గద, కుడిభుజం అంటే కథే తిరగబడ్తది. రెండోది, "కుడికన్ను" అని అట్లనే పెట్టుడు. మన ప్రేక్షకునికి కుడికన్ను అనంగనే అదురుడు, శకునం యాదికొస్తయ్.

స్పానిష్‌ల ఇంకో మాట ఉన్నది, "లా నీన్యా దె సుస్ ఓహోస్". నీన్యా అంటే చిన్నపిల్ల, నీన్యా అంటే కంటి నడిమిట్ల నల్లగుడ్డు కూడ. అక్షరాలా మన "కంటిపాప". పాప అంటే పిల్ల, పాప అంటే నల్లగుడ్డు. ఎదుటి మనిషి కంట్ల దగ్గరికి పోయి చూస్తే మన బొమ్మ చిన్న పిల్ల లెక్క కనవడ్తది, లాటిన్ల "పుపీల్లా" అనే మాట కూడ అట్లనే చిన్నపిల్లకు, కంటిగుడ్డుకు ఒకటే. కాబట్టి నీన్యాను కంటిపాప అని నిర్భయంగ రాయొచ్చు. మొగపిల్లని గురించి చెప్పినా స్పానిష్‌ల నీన్యానే ఉంటది, "కొడుకు గురించి చెప్తూ ఆడపిల్ల అంటున్నరేంది" అని దిద్దొద్దు.

ఓహీతోకు కంటిపాప వద్దు. కంటిపాపల ప్రేమ ఉన్నది, పక్కోళ్ల కడుపుమంట లేదు. ఓహీతో దెరేచోను ఎక్కువ పక్కోళ్లే అంటరు. అందుకు మన దగ్గర "ఒక కంట్ల వెన్న, ఒక కంట్ల సున్నం" ఉన్నది. ఒక బిడ్డను ఒక తీరు, ఇంకో బిడ్డను ఇంకో తీరు చూసేదానికి ఇంతకన్న సూటి మాట లేదు, కండ్ల బొమ్మ కూడ నిలబడ్తది. చిన్నబిడ్డ కోపంల అనే లైనుకు ఇది పెట్టుండ్రి: "నీకు వాడు వెన్న, నేను సున్నం." మామూలుగ చెప్పే లైనుకు "అమ్మకు వాడే ముద్దు" చాలు.

"మిమాదో" అంటే గారాబం చేసి పెంచినోడు. "కోన్సెంతీదో" మెక్సికోల ఎక్కువ, తల్లికి ఇష్టమైన బిడ్డ. చిలీల "రెగలోన్". "ఈహో దె పాపా" అంటే తండ్రి పైసల మీద బతికే కొడుకు, దాన్ని "నాయిన కొడుకు" అంటే ఏం అర్థం కాదు, అందరూ నాయిన కొడుకులే. "అయ్య పైసల మీద ఎగురుతున్నడు" అని క్రియతోని చెప్పాలె.

ఇగ నాయినమ్మ. తనను తాను పొగుడుకునేటోన్ని "నీకు అబువేలా లేదా?" అంటరు. మనుమన్ని పొగడుడు ముసలమ్మ పని, ఆ పని నువ్వే చేసుకుంటున్నవంటే పొగిడే ముసలమ్మ లేదన్నట్టు. ఇంటోళ్ల ముద్దు, సొంత డబ్బా రెండూ ఒకే మాటల కలిసినయ్, అందుకే ఇది మీ సీరియల్‌కు ఆయువుపట్టు. ముసలమ్మ లేని సీన్లల్ల "నీ డబ్బా నువ్వే కొట్టుకో!" అని పెట్టుండ్రి. నాయినమ్మ పక్కన కూసున్న సీన్ల ఆమెను తీసేయొద్దు, కెమెరా ఆమె మొఖం మీదికి పోతది. "నాయినమ్మ పొగిడేదాక ఆగలేకపోయినవా?" అంటే మాట, చూపు రెండూ కలుస్తయ్. అబువేలా తండ్రి తల్లా, తల్లి తల్లా అన్నది కూడ స్పానిష్ చెప్పదు. వంశవృక్షంల చూసి నాయినమ్మనో అమ్మమ్మనో తేల్చుండ్రి.

---

వనపర్తి_వాకిలి

ఎంచుఫాదో గురించి ఎవరూ పూర్తిగ చెప్పలే. ఎంచూఫే అంటే కరెంటు ప్లగ్గు, సాకెట్టు. పెద్దోళ్ల లైనుకు తగిలించుకున్నోడు ఎంచుఫాదో. మనకు "పైరవీ" ఉన్నది. "పైరవీతోని వచ్చిండు." "బంధుప్రీతి" వార్తలు చదివే పాత్రకు సరే, అన్నం తింటూ కొట్లాడే చెల్లెకు కాదు.

దేశం మారితే మాట మారుతది. మెక్సికోల, ఇంకా చాల దేశాలల్ల పలాంకా, అంటే మీట. పెరూల వారా, కర్ర. చిలీల పితూతో, కాని చిలీలనే పితూతో అంటే పక్కన చేసుకునే చిన్న పని కూడ, కాబట్టి "తెంగో ఉన్ పితూతో" అన్నోడు పైరవీ చేస్తున్నడా, కూలికి పోతున్నడా అన్నది సీను చూసి తేల్చాలె. కొలంబియల రోస్కా, బొలీవియల మున్యేకా (మణికట్టు), గ్వాతెమాలల క్వేయో (మెడ), అర్జెంటీనల అకోమోదో. వీటన్నిటికి పైరవీ నడుస్తది. వెనిజువేలల ఎంచుఫాదో అంటే మాత్రం ప్రభుత్వంల దూరి సంపాదించుకున్నోడు, అక్కడ "సర్కారు మనిషి" అని తేడా చూపాలె.

"ఆ దేదో" అంటే వేలుతోని చూపి పెట్టుడు, పోటీ లేకుండ. మన దగ్గర వేలు చూపితే తప్పు పట్టినట్టు. కాబట్టి వేలు వద్దు, "పిలిచి కుర్చీ ఇచ్చిండ్రు". మెక్సికోల "దెదాసో" వస్తే అది రాజకీయం మాట, అధ్యక్షుడు తన తర్వాత ఎవరని తానే చెప్పుడు.

క్యారెక్టర్ల లెక్క గురించి. సాఫ్ట్‌వేరు మనం పలికే అక్షరాలను లెక్కపెట్టదు, గుణింతం, పొల్లు, ఒత్తు విడివిడిగ లెక్కపెడ్తది. "బామ్మర్ది" పలికితే మూడే, లెక్కకు 9. "బావమరిది" పలికితే ఐదు, లెక్కకు 8. "నీ డబ్బా నువ్వే కొట్టుకో!" 25 వస్తది, 42 లోపల సరిపోతది. "అన్నీ తెలిసిన" అనే ముక్కకే 13 పోతయ్. ద్విత్వాలు ఎక్కువున్న లైను 42 దాటితే మాటను కోయకుండ్రి, విరుపు మార్చుండ్రి. వరసను, దాని ముందున్న గుణాన్ని రెండు లైన్లకు విడగొడితే చదివేటోడు తడబడ్తడు.

---

పాలమూరు_పలుకు

ఒక మాట కలుపుతా. లాటిన్ అమెరికోళ్ల పాత్ర ఏదన్న ఉంటే "సె క్రే లా ఉల్తిమా కోకాకోలా దెల్ దెసియేర్తో" అనే మాట రావొచ్చు, ఎడారిల మిగిలిన చివరి కోకాకోలా అనుకుంటున్నడు అని. దానికి "పెద్ద తురుంఖాన్ అనుకుంటున్నడు" అని రాయాలని చెయ్యి లాగుతది.

---

దేవరకొండ_దారి

అక్కడ నాకు ఒప్పుదల లేదు అన్నా. తురుంఖాన్ అనంగనే హైదరాబాద్ కనవడ్తది. ఆ మాట 1857 జులైల కోఠి రెసిడెన్సీ మీదికి జనాన్ని తీసుకపోయిన తుర్రెబాజ్ ఖాన్ పేరు మీదుగ వచ్చిందంటరు. స్పెయిన్ ఊరు వయ్యదోలీద్‌ల కూసున్న మనిషి నోట్ల అది అతకదు. యాస మనదైతే సరే, మనుషులు, ఊర్లు, పండుగలు వాళ్లవే ఉండాలె. క్రిస్మస్ బల్లను దసరా చేయొద్దు. "తనే పెద్ద తోపు అనుకుంటున్నడు" అంటే ఊరు పేరు లేకుండ పని ఐపోతది. పైరవీ, వెన్న, సున్నం, డబ్బా వీటికి ఊరు లేదు, అవి ఉంచుకోవచ్చు.

---

పాలమూరు_పలుకు

ఒప్పుకుంటున్న. తోపు బాగున్నది.

---

మూసీ_ఒడ్డు

అందరికి దండాలు. ఏడో ఎపిసోడ్ ఇట్ల దిద్దిన, తప్పుంటే చెప్పుండ్రి.

చిన్నబిడ్డ: అల్లున్ని తెచ్చి కుర్చీల కూసవెట్టినవ్, / ఇప్పుడు మాకే పాఠాలు చెప్తున్నడు.
తల్లి: నీ అతితెలివి ఇక్కడ చూపియ్యకు.
చిన్నబిడ్డ: నీకు అన్న వెన్న, నేను సున్నం.
బావ: నన్ను అడిగితే ఆ మిషిను సగం ధరకే వస్తుండె.
చిన్నబిడ్డ: మొదలైంది, అన్నీ తెలిసిన బావ సలహా!
పెద్దకొడుకు: ఈ ఇంట్ల తెలివి ఉన్నది నాకొక్కనికే.
చిన్నబిడ్డ: నాయినమ్మ పొగిడేదాక / ఆగలేకపోయినవా?

---

కృష్ణ_గట్టు

తల్లి లైను ఒక్కటి మళ్ల చూడు. అసలుల "నో తె పాసేస్ దె లిస్తా" అని ఉంటే అతితెలివి సరే. "నో సేయాస్ సబియోందా" అని ఉంటే "మాకు పాఠాలు చెప్పకు" కావాలె. కాని పై లైన్ల బిడ్డ అల్లుని గురించి "పాఠాలు" అన్నది. తల్లి అదే మాటను బిడ్డ మీదికే తిప్పి కొట్టినట్టైతది, సీను దానికే రాసినట్టున్నది. ఆడియో ఇంకోసారి విను.

---

మూసీ_ఒడ్డు

విన్న. సబియోందానే. "పాఠాలు చెప్పేది నువ్వు!" అని మార్చిన.